చెఱువుకట్ట మీది బండియు, ఆకాశములోని విమానమును



నేను తెలుగు పండితుడను. ముప్పది సంవత్సరములకు పైగా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఇట్టివాడు పెట్రోలు యంత్రముల చరిత్రను గూర్చి రేడియోలో ప్రసంగింపబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. మా యింటిలో ఇదివఱకే నవ్విరి. అయినను ఈ విషయము నన్ను వెదకికొని వచ్చినదే కాని నేను దానిని వెదకికొని పోలేదు. అదెట్లనిన, మనవి చేసెదను.

నాకొక పాత మోటారు సైకిలు కలదు. ఉద్యోగములో నున్నపుడు కొన్నది. దాని కార్బ్యురేటరు అరిగిపోగా, అసలు సరకునకు వెల హెచ్చని తలచి, పట్టణమున ఒక దుకాణములో దానిని పోలిన చౌకరకము నొకదానిని కొని బిగింపించితిని. వారము దినములు బాగుగనే నడచెను. పిమ్మట ఒక సాయంకాలము నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని మా యూరి చెఱువుకట్ట ఎక్కుచుండగా, చక్రము గతుకులో పడి లేచినంతనే యంత్రము రెండు మాఱులు దగ్గి, నల్లని పొగ క్రక్కి, నిలిచిపోయినది. వెనుకనే ఇసుక లారీ. దాని డ్రైవరు మెలకువ గలవాడగుటచేతను, బ్రేకులు మంచివగుటచేతను నేడు నేనిక్కడ కూర్చుండి మాటలాడగలుగుచున్నాను.

మొదట చూచిన మెకానిక్కు సన్నని తీగతో లోపలి జెట్టును కెలికి, రంధ్రము కొంచెము పెద్దది చేసెను. బండి మునుపటికంటె ఎక్కువ పెట్రోలు త్రాగజొచ్చెను. రోగము మాత్రము తగ్గలేదు. పిమ్మట బస్సుస్టాండు ప్రక్కన చింతచెట్టు క్రింద కొట్టు పెట్టుకొన్న వృద్ధుడొకడు కలడని విని అతనియొద్దకు పోయితిని. అతడు సామాను ముట్టలేదు. ముందుగా ప్లగ్గు విప్పి చూచెను. అది మసిపట్టి నల్లగా నుండెను. చోకు లాగి చూచెను, మఱింత ఉక్కిరిబిక్కిరి అయ్యెను. పెట్రోలు కుళాయి కట్టి నడపి చూచెను, కొంతసేపు చక్కగా నడచెను. అన్వయ వ్యతిరేకములని మేము శాస్త్రములో చదివినది ఇదియే గదా! ఉన్నచో ఉండుట, లేనిచో లేకుండుట. చదువు రాని ఆ వృద్ధుడు దానిని చేతివ్రేళ్లతో చేసి చూపెను.

"మాస్టారూ, దీనికి తాగడం రాదండీ, మింగడమే వచ్చు" అని అతడనెను.

కార్బ్యురేటరులో ఫ్లోటను బెండు వంటిదొకటి యుండును. గాలపుబెండు నీటిపై తేలునట్లు అది పెట్రోలుపై తేలుచు, గిన్నె నిండినపుడు పైకి లేచి, సన్నని సూదిని దాని మొన చేరవలసిన చోటికి నెట్టి, దారి మూయును. గిన్నె తగ్గినపుడు దిగి తెఱచును. నేను కొన్న చౌకరకములో ఆ సూది దాని స్థానమున సరిగా కూర్చుండలేదు. ఫ్లోటు నాలుక వంకరయై యుండెను. గతుకు పడినంతనే గిన్నె పొర్లి యంత్రము మునుగుచుండెను. అతడు నాలుకను చిన్నపట్టకారుతో వంచి, కొత్త సూది వేసి నన్ను పంపివేసెను.

ఇంటికి వచ్చిన పిమ్మట నా మనుమడు, "తాతయ్యా, దీన్ని అమ్మేసి ఇంజెక్షను బండి కొనుక్కోండి. అందులో ఈ గొడవ ఉండదు" అనెను. సూది మార్చుటయా, బండినే మార్చుటయా? ఈ ప్రశ్న పట్టుకొని చదువ మొదలిడగా, దీనికి నూఱేండ్లకు పైబడిన చరిత్ర కలదనియు, ఒకప్పుడు దీనిమీద మనుష్యుల ప్రాణములు వ్రేలాడినవనియు తెలియవచ్చెను.

పెట్రోలు ద్రవముగా నున్నంతవఱకు యంత్రములో చక్కగా మండదు. దానిని గాలితో తగినపాళ్లలో కలిపి ఆవిరివలె చేయవలెను. 1886 సంవత్సరము జనవరి 29వ తేదీని జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను నాతడు తన మోటారుబండికి హక్కుపత్రము కోరినపుడు, ఆ బండిలో గాలిని పెట్రోలు మీదుగా పోనిచ్చి, ఆవిరిని పట్టుకొని పోవునట్లు చేసెను. ఎండకాచిన నాడొక విధముగను, చలినాడు వేఱొక విధముగను అది పనిచేయుట సహజము. 1893లో ఆ దేశమువాడే యగు విల్హెల్మ్ మైబాఖ్ సన్నని గొట్టమునుండి పెట్రోలును గాలిలోనికి చిమ్మునట్లు కార్బ్యురేటరును అమర్చెను. అదే సంవత్సరమున హంగరీ రాజధాని బుడాపెస్టులో బాంకి, చోంకా అను నిద్దఱు అట్టిదానికే హక్కుపత్రము కోరిరి. పూలమ్ము పిల్ల యొకతె నోటితో ఊది పూలపై నీరు చల్లుచుండగా చూచి వారికి ఈ యూహ పుట్టెనని అక్కడివారు చెప్పుకొందురు. నిజమో కాదో కాని, కథ అందముగా నున్నది.

ఆ చిమ్ముటకు పంపు అక్కఱలేదు. గొట్టమును నడుమ ఇఱుకు చేసినచో, అచట గాలి వడి హెచ్చును, ఒత్తిడి తగ్గును. తగ్గిన ఒత్తిడి పెట్రోలును గిన్నెనుండి తనంతట పైకి లాగుకొనును. కాలువ వంతెన క్రింద ఇఱుకైనచోట నీరు పరుగెత్తుట మీరందఱు చూచినదే. ఇటలీ దేశస్థుడు వెంటూరీ దీనిని గూర్చి 1797లో వ్రాసెను. అతని పేరే నేటికిని ఆ ఇఱుకు మెడకు నిలిచియున్నది.

ఇంత తేలికైన సాధనము మఱొకటి లేదు. చౌక. కరెంటు అక్కఱలేదు. దారిప్రక్క కూర్చుండి తీగముక్కతో బాగుచేయవచ్చును. దీని లోపమెల్ల ఒక్కటియే. అది గిన్నెలోని పెట్రోలు గిన్నె అడుగున నుండునను నమ్మకముమీద ఆధారపడినది. నేలమీద ఆ నమ్మకము చాలవఱకు చెల్లును. ఆకాశమున చెల్లదు.

ఇప్పుడు మిమ్ములను 1940కి కొనిపోవుచున్నాను. ఆ సంవత్సరము జూలై 10వ తేదీ మొదలు అక్టోబరు 31వ తేదీ వఱకు ఇంగ్లండు దేశముపై జరిగిన ఆకాశయుద్ధమును చరిత్రకారులు బ్రిటను యుద్ధమందురు. బ్రిటిషువారి స్పిట్‌ఫైరు, హరికేను విమానములు రెండింటికిని రోల్స్ రాయిస్ కంపెనీవారి మెర్లిన్ అను యంత్రమే. దానికి ఎస్.యు. అను రకపు ఫ్లోటు కార్బ్యురేటరు. జర్మనులు నడపిన మెస్సర్‌ష్మిట్ 109 విమానమునకు డైమ్లర్ బెంజ్ కంపెనీవారి డి.బి. 601 యంత్రము. దానిలో గిన్నెయు లేదు, బెండును లేదు. పంపు పెట్రోలును కొలిచి సూటిగా సిలిండరులోనికి చిమ్మును. దీనినే ఇంజెక్షను అందురు.

ఈ భేదము కాగితముమీద స్వల్పము. ఆకాశమున ఎంతటిదైనదో చూడుడు. వెనుకనుండి స్పిట్‌ఫైరు తఱుముకొని వచ్చుచుండగా, జర్మను వైమానికుడు తన చేతికఱ్ఱను ముందునకు త్రోసి ముక్కు దించి తటాలున క్రిందికి పోవును. బ్రిటిషు వైమానికుడును అట్లే చేసినచో, ఉయ్యాల శిఖరమునుండి దిగునపుడు మన కడుపు పైకి లేచినట్లు, గిన్నెలోని పెట్రోలు పైకి లేచి గిన్నె కప్పునకు అంటుకొనును. అడుగుననున్న జెట్టులకు పెట్రోలు అందక యంత్రము ఒక క్షణము దగ్గును. ఇది మొదటి కీడు. రెండవది దీనికంటె పెద్దది. పెట్రోలు కప్పున చేరగా, ఫ్లోటు తలక్రిందుగా అడుగునకు పోయి, సూదిదారిని పూర్తిగా తెఱచివేయును. పంపు తన బలమంతయు ఉపయోగించి పెట్రోలును త్రోయును. గిన్నె పొర్లును. యంత్రము మునిగి, నల్లని పొగ క్రక్కి ఆగిపోవును. నా బండికి చెఱువుకట్ట మీద పట్టిన రోగమే ఇది. నా వెనుక ఇసుక లారీ యుండెను. వారి వెనుక నుండినవి మరతుపాకులు.

కొందఱు తప్పించుకొను ఉపాయము నేర్చిరి. ముక్కు నేరుగా దించక, విమానమును వెల్లకిల త్రిప్పి, ఆ పిమ్మట క్రిందికి లాగుచుండిరి. అట్లు చేసినపుడు పెట్రోలు అడుగుననే యుండును. కాని ఆ త్రిప్పునంతలో శత్రువు దూరమగును.

ఇక్కడ మన దేశమునకు ఒక సంబంధము కలదు. దీనిని మన పాఠ్యపుస్తకములలో నేనెన్నడును చూడలేదు. ఆ యుద్ధమున స్పిట్‌ఫైర్లు నడపిన 152వ దళమునకు హైదరాబాదు దళమని పేరు. నిజాము ఇచ్చిన ధనమును బట్టి ఆ పేరు వచ్చెను. ఆ దళపు చిహ్నముపై నిజాము తలపాగా కలదు. హరికేనులు నడపిన 253వది హైదరాబాదు రాష్ట్రదళము. 79, 234, 264 సంఖ్యలు గల దళములకు మద్రాసు ప్రెసిడెన్సీ పేరు. నాడు మన కోస్తా జిల్లాలును రాయలసీమయు ఆ ప్రెసిడెన్సీలోనివే. అనగా, తెనుగు నేల పేరు మోసిన విమానములలో కూడ ఆ గిన్నెయు ఆ బెండును ఉండెను. యుద్ధనిధులకు చందా లిచ్చిన వారిలో ఎందఱు ఇష్టపడి యిచ్చిరో, ఎందఱు అధికారులకు వెఱచి యిచ్చిరో, అది వేఱొక ప్రసంగమునకు తగిన విషయము.

రోల్స్ రాయిస్ వారు ఇంజెక్షను ఎఱుగక కార్బ్యురేటరు పెట్టిరనుకొనుట పొరపాటు. ఎఱిగియే పెట్టిరి. మట్టికూజాలోని నీరు చల్లబడుటకు కారణమేమి? నీరు ఆవిరియగుచు వేడిని హరించుట. అట్లే, గాలిని అదిమి యంత్రములోనికి పంపు సాధనమునకు ముందుగనే పెట్రోలు గాలిలో కలిసి ఆవిరియైనచో, గాలి చల్లబడి చిక్కనగును. చిక్కని గాలి ఎక్కువ బలమిచ్చును. 27 లీటర్ల మెర్లిన్ యంత్రము 33.9 లీటర్ల జర్మను యంత్రముతో ఇంచుమించు సరితూగుటకు ఇదియు నొక కారణము. కావున చౌకసాధనము మూఢుల సాధనమని త్రోసివేయరాదు. దానికొక గుణము కలదు. ఆ గుణముతోపాటు లోపమును వచ్చినది.

మఱి ఏమి చేయవలెను? యంత్రమునే మార్చి ఇంజెక్షను పెట్టవలెనన్నచో, కర్మాగారములను మార్చవలెను, నెలలు కాదు, సంవత్సరములు పట్టును. యుద్ధము అంతవఱకు నిలువదు. మా శాస్త్రములో సూచీకటాహ న్యాయమని యొకటి కలదు. కమ్మరియొద్దకు ఒకడు సూదికొఱకును, ఒకడు పెద్ద కాగుకొఱకును వచ్చినచో, కమ్మరి సూదిని ముందు చేసియిచ్చి పంపును. ఈ న్యాయమును ఆచరించిన వ్యక్తి ఒక స్త్రీ.

ఆమె పేరు బియాట్రిస్ షిల్లింగు. 1909లో ఇంగ్లండులో జన్మించెను. చిన్ననాటినుండి మోటారు సైకిళ్లను విప్పి బిగించుటయే ఆమె వినోదము. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రమును చదివి 1932లో పట్టము పొందెను. బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై నార్టన్ మోటారు సైకిలును గంటకు 100 మైళ్లకు మించిన వడితో నడపి 1934లో బంగారు నక్షత్రమును గెలుచుకొనెను. 1936లో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధనాలయమున ప్రవేశించి కార్బ్యురేటర్ల పనిలో నిమగ్నురాలయ్యెను. ఆడుపిల్లకు యంత్రములెందుకని నేటికిని అను తండ్రులు మన గ్రామములలో కలరు. నా శిష్యురాండ్ర తండ్రులలో కొందఱితో నేను వాదించి ఓడిపోయితిని. వారు ఈ పేరును జ్ఞాపకముంచుకొందురుగాక.

ఆమె రెండు కీడులను వేఱుచేసి చూచెను. క్షణకాలపు దగ్గును ఓర్చుకొనవచ్చును. యంత్రమును ముంచివేయునది రెండవదే. ఆమె చేసినది ఇది. పెట్రోలు కార్బ్యురేటరులోనికి పోవు దారిలో, నడుమ రంధ్రముగల చిన్న ఇత్తడి బిళ్లనుంచెను. మొదటివి కుట్టుపని వ్రేలితొడుగు వలె గిన్నెరూపున నుండెను. పిమ్మట బల్లపరుపు బిళ్లలైనవి. యంత్రము నిండుబలముతో నడచునపుడు ఎంత పెట్రోలు కావలెనో ఇంచుమించు అంతమాత్రమే ఆ రంధ్రము పోనిచ్చును. సూది పూర్తిగా తెఱచుకొన్నను గిన్నె పొర్లదు. కాలువ తూము తలుపు విఱిగినను, తూము కన్ను చిన్నదైనచో పొలము మునుగదు గదా! ఇంతకంటె వివరణము మీకక్కఱలేదు.

దీనిని బిగించుటకు విమానమును పనినుండి తప్పింపనక్కఱలేదు. 1941 వసంతమున ఆమెయు, వెంట చిన్న బృందమును విమానస్థానములనుండి విమానస్థానములకు తిరిగి, ఈ బిళ్లలను బిగింపించిరి. వైమానికులు దీనికి మిస్ షిల్లింగు రంధ్రమని వేళాకోళముగా పేరుపెట్టుకొనిరి. పేరు వేళాకోళమైనను, కృతజ్ఞత నిజమైనది.

ఒక మాట సవరింపవలెను. ఈ బిళ్లయే బ్రిటను యుద్ధమును గెలిపించెనని వ్రాయువారు కలరు. అది కాలము తెలియని వ్రాత. ఆ యుద్ధము 1940 అక్టోబరులో ముగిసెను. బిళ్ల దళములకు చేరినది 1941లో. ఆ నాలుగు మాసములును వైమానికులు లోపముతోడనే పోరాడిరి. కథ బాగుండునని తేదీలను కలిపివేయుట చరిత్రకు తగదు. కవి చేసిన నేను మన్నింతునేమో కాని, చరిత్ర వ్రాయువాడు చేసిన మన్నింపను. మఱియు ఆ బిళ్ల మొదటి దగ్గును మాన్పలేదు. తలక్రిందులుగా చాలసేపు ఎగురుటకును పనికిరాలేదు. అది గండము గడపుటకు చేసిన ఉపాయము. 1943 నాటికి ఫ్లోటు గిన్నె లేక, పెట్రోలును ఒత్తిడితో చిమ్ము అమెరికా దేశపు బెండిక్స్ స్ట్రాంబర్గ్ కార్బ్యురేటరు మెర్లిన్ యంత్రములకు వచ్చెను. సూది ముందు, కాగు తరువాత. షిల్లింగు 1990లో మరణించెను.

ఇక ఇంజెక్షను సంగతి. ఇది మీకు క్రొత్తదికాదు. బావులమీద డీజిలు ఇంజిన్లు నడపిన రైతులందఱును దీనినెఱుగుదురు. డీజిలు యంత్రమునకు కార్బ్యురేటరు లేదు. పంపును, నాజిలును మాత్రమే. జర్మనీలోని బాష్ కంపెనీవారు 1927లో డీజిలు పంపులను పెద్దయెత్తున చేయ మొదలిడిరి. పెట్రోలు విమానముల ఇంజెక్షను పంపులకు ఆ నేర్పే ఆధారము. యుద్ధానంతరము 1954లో మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారునకు ఇంజెక్షను పెట్టిరి. 1967లో బాష్ వారు విద్యుత్సాధనములతో పెట్రోలును కొలుచు పద్ధతిని ఫోక్స్‌వాగన్ కారులో ప్రవేశపెట్టిరి. అప్పటినుండి కొలుచు పని ఇనుప పంపు చేతినుండి విద్యుత్తు చేతికి పోయినది.

మన దేశమున ద్విచక్రవాహనములు చాలకాలము కార్బ్యురేటరునే నమ్ముకొనినవి. దానిని తొలగించినది పొగ. పొగగొట్టములోని శుద్ధియంత్రము సరిగా పనిచేయవలెనన్నచో, తూకమున ఒకపాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి కలియవలెను. చలికిని, ఎండకును, కొండమీదను, పల్లమునందును ఆ పాలు తప్పరాదు. గిన్నెయు బెండును అంతటి నియమమును పాటింపజాలవు. ఇంజెక్షనులో పొగగొట్టమున నొక సాధనము ప్రాణవాయువును వాసనచూచి చెప్పుచుండ, చిన్న గణకయంత్రము చిమ్ము కాలమును సవరించుచుండును. భారత్ స్టేజి 6 అను నిబంధనలు 2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట అమలునకు వచ్చినవి. అంతకుముందటి రకపు బండ్లను ఆ తేదీ నుండి అమ్మరాదని సుప్రీముకోర్టు 2018 అక్టోబరులోనే తీర్పు చెప్పియుండెను. దానితో క్రొత్తబండ్లలో కార్బ్యురేటరు కాలము చాలవఱకు ముగిసినది.

కాగు వచ్చినది కనుక సూదిని పాఱవేయుదమా? నా మనుమనికి నేనిచ్చిన సమాధానము మీకును చెప్పెదను. క్రొత్తబండి కొనువానికి చాలవఱకు ప్రశ్నయే లేదు, సాధారణముగా ఇంజెక్షనే వచ్చును. అది తక్కువ పెట్రోలు త్రాగును, చలివేళ వెంటనే కదలును. పాతబండికి ఇంజెక్షను అతికించుట మాత్రము తెలివిమాలినపని. పంపు, నాజిలు, గణకయంత్రము, తీగలు, వాసనచూచు సాధనము, ఇవన్నియు కలిపి బండి వెలను మించును. ఇంజెక్షను బండికిని వ్యాధులు కలవు. బ్యాటరీ చచ్చినచో పంపు ఆడదు. చింతచెట్టు క్రింద తీగముక్కతో బాగుపడదు. కాని పాతబండి యుంచుకొన్నవాడు చౌకరకపు కార్బ్యురేటరు కొనరాదు. అసలు సరకే కొనవలెను, లేదా అసలుదానికే సూదియు జెట్టులును మార్పించుకొనవలెను. జెట్టులో తీగ పెట్టి కెలుకువానిని దగ్గఱకు రానీయరాదు. జెట్టు రంధ్రము కొలిచి చేసినది, ఒకసారి పెద్దదైనచో మఱల చిన్నది కాదు. మఱియు నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వఱకు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చును, పాత రబ్బరును చెఱచును. కావున మాసములకొలది బండిని కదలింపక ఉంచువారు గిన్నె అడుగు మఱను విప్పి పెట్రోలును కార్చివేయుట మంచిది.

నా బండికి ఆ సూది వేసి రెండు వానకాలములు గడచినవి. మొన్న చింతచెట్టు మీదుగా పోవుచు నిలిచితిని. వృద్ధుడు పలుచనయ్యెను. కొట్టులో అతని కుమారుడు చేతిలో తెఱగల చిన్నపెట్టె నొకదానిని తీగతో ఇంజెక్షను బండికి తగిలించి అంకెలు చదువుచుండెను. వృద్ధుడు స్టూలుమీద కూర్చుండియే నా బండి చప్పుడును కాసేపు ఆలకించి, "మాస్టారూ, కట్ట ఎక్కుతోందా?" అని అడిగెను.

"ఎక్కుతోంది" అంటిని.

"అమ్మగారిని ఎక్కించుకునే ఎక్కుతోందా?" అని మరల అడిగెను.

ఆ మాటకు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. ఆనాటినుండి ఆమె కట్ట మొదట దిగి, పైదాక నడచి వచ్చుచున్నది.